గులాబీని నిద్రపోనివ్వండి

నవంబరు వస్తే చాలు, మా చికాగో వైపు మనవాళ్ళ ఇళ్ళల్లో గులాబీ కుండీలు హాల్లోకి వచ్చేస్తాయి. నాకిది నచ్చదు. నేనూ చేశాను కనుకే చెబుతున్నాను.

అమ్మ వచ్చిన ఏడాది, "పసిపిల్లలాంటి మొక్కని చలిలో వదిలేస్తావా తల్లీ!" అని కుండీని హీటర్ పక్క కిటికీలో పెట్టించింది. ఆవిడ తప్పు లేదు. కడియం దగ్గర పెరిగిన మనిషి. అక్కడ చలికాలమంటే గులాబీ విరగబూసే కాలం. ఇక్కడ అది దాని నిద్ర. మా మొక్క వెచ్చదనానికి మేలుకుని, వెలుతురు చాలక పాలిపోయిన రెమ్మలు వేసింది. ఎర్రనల్లి పట్టింది. ఫిబ్రవరికల్లా పోయింది. అమ్మ రెండ్రోజులు సరిగా తినలేదు.

అలాగని బయట వదిలేయమనను. నేలలో వేళ్ళకి భూమే దుప్పటి. కుండీలో చలి అన్ని వైపుల నుంచీ పట్టేస్తుంది. మట్టి కుండీ అయితే పగులుతుంది కూడా.

ఇప్పుడు ఆగస్టులోనే ఎరువు ఆపేస్తాను. ఆకులు రాలి, రెండు మూడుసార్లు గట్టిగా మంచు పట్టాక, హీటర్ లేని గరాజ్‌లో ఇంటి గోడ వైపు పెట్టి, కుండీ చుట్టూ పాత బొంత చుడతాను. నెలకోసారి మట్టి ముట్టుకుని చూసి, పొడిగా ఉంటే గ్లాసుడు నీళ్ళు. అంతే. కత్తిరింపు వసంతంలోనే.

మొన్న వీడియో కాల్‌లో ఆ ఎండుపుల్లల్ని చూసి అమ్మ, "బతికే ఉందంటావా?" అంది. గోటితో కొద్దిగా గీకి, లోపలి పచ్చదనం చూపించాను.