చూచినవాడును విన్నవాడును

చదువులకొఱకును ఉద్యోగములకొఱకును బిడ్డలను అమెరికాకు పంపిన తలిదండ్రులు మనలో ననేకులు కలరు. వారి నోట నిటీవల నొక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. ఎవడో యొక దుర్మార్గుడు బహిరంగస్థలమున జనులను కాల్చుచుండగా, ప్రక్కనున్న మఱియొకని యొద్దను తుపాకి యున్నయెడల, అతడు పోలీసువాడు కాకపోయినను అడ్డుపడవలెనా, పడరాదా? పాఠశాల పత్రికలో తుపాకుల ప్రసంగమేల యని కొందఱు పెద్దలు ముక్కుమీద వ్రేలిడుకొనవచ్చును. కాని మన బాలురు ఇట్టి ఘోరములను తమ యింటి టెలిఫోనులలోనే చూచియున్నారు. చూచిన దానిని గూర్చి నిదానముగా నాలోచించుటకు పాఠశాలకంటె తగిన చోటు మఱేది కలదు?

2017వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేది సాయంకాలము కాన్సాస్ రాష్ట్రములోని ఒలేతే పట్టణమున జరిగిన సంగతి తెలుగువారు మఱచునది కాదు. హైదరాబాదునుండి వెళ్లిన యువ ఇంజనీరులిద్దఱు పని ముగించుకొని యొక పానశాలలో కూర్చుండియుండిరి. ఒకడు వారిని దూషింపగా నచ్చటివారు వానిని వెలుపలికి సాగనంపిరి. కొంతసేపటికి వాడు పిస్తోలుతో తిరిగివచ్చి వారిపై కాల్చెను. ఒకరు మరణించిరి, రెండవవారు గాయపడి బ్రదికిరి. అచ్చటనే యున్న యిరువదినాలుగేండ్ల అమెరికను యువకుడొకడు బల్లక్రింద దాగి, తుపాకి చప్పుళ్లను లెక్కించి, తొమ్మిది ప్రేలినవి గావున గుండ్లు అయిపోయినవని తలచి, వట్టిచేతులతో హంతకుని వెంట పడెను. గుండ్లు అయిపోలేదు. ఒక గుండు చేతిని చీల్చికొని రొమ్మును తాకెను. అతడు బ్రదుకుట భాగ్యమే. హంతకునకు 2018లో యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను.

ఆ యువకుని చేతిలోను పిస్తోలున్నచో కథ మఱొక విధముగా నుండెడిదని యప్పుడు కొందఱనిరి. అందఱి చేతులలోను పిస్తోళ్లుండుటచేతనే గదా యిట్టివి జరుగుచున్నవని మఱికొంద ఱనిరి. ఈ రెండు మాటలును వినుటకు బాగుగానే యున్నవి గాని, అడిగిన ప్రశ్నకు రెండును ప్రత్యుత్తరములు కావు. తుపాకులు దేశములో నుండవలెనా యనునది శాసనసభవారు తేల్చవలసిన విషయము. తుపాకి యిదివరకే చేతనున్నవాడు ఆ క్షణమున నేమి చేయవలెననునది వాని యంతరాత్మకు సంబంధించిన విషయము. మేము రెండవదానిని గూర్చియే వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగానే చెప్పెదము. ఎవడు ఎవనిని చంపుచున్నాడో తన కన్నులతో చూచినవాడు అడ్డుపడవచ్చును; చేతనైనయెడల పడవలెను. చప్పుడు విని వచ్చినవాడు మాత్రము ఆయుధమును పైకి తీయరాదు. ధైర్యవంతుడు, పిఱికివాడు అను భేదమునకంటె, చూచినవాడు, విన్నవాడు అను భేదమే యిచ్చట ముఖ్యము.

ఇందులకు నిదర్శనములు కలవు. 2022 జూలై 17వ తేదిని ఇండియానా రాష్ట్రమున గ్రీన్‌వుడ్ పట్టణపు పెద్ద అంగళ్ల సముదాయములో నొకడు మఱుగుదొడ్డినుండి రైఫిలుతో వెలువడి, భోజనశాలలోని జనులను కాల్చ మొదలుపెట్టెను. ముగ్గురు మరణించిరి. తన స్నేహితురాలితో నచ్చటికి వచ్చియున్న యిరువదిరెండేండ్ల యువకుడొకడు తన పిస్తోలును తీసి, దాదాపు నలువది గజముల దూరమునుండి పది గుండ్లు కాల్చెను. ఎనిమిది తగిలెను. హంతకుడు తొలిగుండు కాల్చిన పదునైదు సెకనులలో నంతయు ముగిసెను. ఆ యువకుడు కాల్చుచునే, వెనుకవైపుగా పారిపొండని జనులకు చేతితో సైగ చేసెనని పోలీసువారు చెప్పిరి. ఆ యంగళ్లలోనికి ఆయుధములు తేరాదని యజమానుల కట్టడ యుండెను. ఆ సంగతిని దాచుట న్యాయము కాదు. ఐనను ఆ దినమున బ్రదికి యిల్లు చేరినవారి యెదుట నిలిచి, నీవు చేసినది తప్పని యతనితో చెప్పుటకు మాకు నోరు రాదు.

ఇక రెండవ చిత్రము. 2011 జనవరి 8వ తేదిని ఆరిజోనా రాష్ట్రమున టూసాన్ నగరములో, ఒక అంగడి యెదుట ప్రజలతో మాటలాడుచుండిన ప్రతినిధిసభ సభ్యురాలిపై నొకడు కాల్పులు జరిపెను. ఆఱుగురు మరణించిరి, పదుమువ్వురు గాయపడిరి. హంతకుడు తుపాకిలో క్రొత్త గుండ్లపెట్టె నమర్చుకొనబోవు నంతలో నిరాయుధులు వానిపై పడి నేలకు అదిమి పట్టిరి. వారిలో నొకరు తలకు గాయమై నెత్తురు కారుచున్న డెబ్బదినాలుగేండ్ల విశ్రాంత సైన్యాధికారి. గుండ్లపెట్టెను లాగికొన్నది అఱువదియొక్క యేండ్ల స్త్రీ. ప్రక్క అంగడిలోనున్న యువకుడొకడు చప్పుడు విని పఱుగెత్తి వచ్చెను. జేబులో పిస్తోలు, దానిమీద చేయి, కాల్చుటకు సర్వము సిద్ధము. మలుపు తిరుగగానే తుపాకి పట్టుకొని నిలుచున్న మనుష్యుడు కనబడెను. వీడే హంతకుడని యెవరికి తోపదు? అతడు హంతకుడు కాడు. హంతకుని చేతినుండి తుపాకిని లాగికొన్న రక్షకుడు. వచ్చిన యువకుడు తన పిస్తోలును తీయక, ఆ మనుష్యుని మణికట్టును పట్టుకొని, తుపాకి క్రింద పెట్టుమనెను. అంతలో చుట్టునున్నవారు అతడు కాడని కేకలు వేసిరి. తాను కాల్చకపోవుట కేవలము అదృష్టమేయని యా యువకుడు తరువాత పత్రికలవారియెదుట తానే యొప్పుకొనెను. ఆ యొప్పుకోలు మిక్కిలి గౌరవింపదగినది. కాల్చియుండినచో ఒక రక్షకుడు మఱియొక రక్షకుని చంపియుండెడివాడు.

ఇరువురు యువకులును ధైర్యవంతులే. ఇరువురును ఇతరుల ప్రాణములకొఱకే కదలినవారు. మొదటివాడు సంగతిని మొదటినుండి చూచెను. రెండవవాడు నడుమ వచ్చెను. నడుమ వచ్చినవానికి ఆయుధమెవరి చేతనున్నదో తెలియును గాని, అది యెందుకున్నదో తెలియదు.

చూచినవానికిని మఱియొక యపాయము కలదు. అతని తరువాత వచ్చు పోలీసువారు కూడ విన్నవారే! 2021 జూన్ 21వ తేదిని కొలరాడో రాష్ట్రపు ఆర్వాడా పట్టణమున నొకడు పోలీసు ఉద్యోగినొకని చంపి, రైఫిలుతో వీథిలో తిరుగుచుండెను. ఒక పౌరుడు అంగడినుండి బయటికి వచ్చి, హంతకుడెవరో తన కన్నులతో నిశ్చయించుకొని, పిస్తోలుతో కాల్చి వానిని పడగొట్టెను. అంతవరకు అతడు చేసినదానిలో లోపము కానరాదు. పిదప హంతకుని రైఫిలును చేతికి తీసికొనెను. మఱియొకడు దానిని తీసికొనకుండుటకై కావచ్చును. అప్పుడే వచ్చిన పోలీసు ఉద్యోగి, రైఫిలు పట్టుకొనియున్న యీతనినే హంతకునిగా తలచి కాల్చి చంపెను. ఆ యుద్యోగిపై నేరము మోపుటకు తగిన ఆధారము లేదని ప్రభుత్వ న్యాయవాది నిర్ణయించెను. అలబామా రాష్ట్రపు హూవర్ పట్టణమున 2018 నవంబరు 22వ తేది రాత్రి కాల్పులు జరిగినప్పుడు, ఆయుధము చేతబట్టిన యిరువదియొక్క యేండ్ల నల్లజాతి యువకుని పోలీసులు చంపి, వీడే దోషియని ప్రకటించి, మఱునాడు ఆ మాటను వెనుకకు తీసికొనిరి. నిజముగా కాల్చినవాడు వేఱొకడు. సాధన చేసిన ఉద్యోగులే యిట్లు పొరబడగా, మామూలు మనుష్యుని మాట చెప్పనేల?

కావున చూచినవాడు సైతము, దాడి ఆగిన తత్క్షణమే ఆయుధమును విడిచి, రెండు చేతులును కనబడునట్లు నిలువవలయును. పోయినవాని తుపాకిని తాకనే రాదు. దీనిని మేము చిన్న సంగతిగా నెంచము. ఆర్వాడాలో నొక ప్రాణము దీనియందే పోయినది.

మాపై నొక ఆక్షేపణ రాగలదు. నిశ్చయము కలుగువఱకు ఆగుమన్నచో ఆలోగా నెందఱు మరణింతురు? ఈ యాక్షేపణ బలమైనదే. అమెరికా వారి కేంద్ర నేరపరిశోధన శాఖ 2000 మొదలు 2013 వఱకు జరిగిన యిట్టి 160 ఘటనలను పరిశీలించి 2014లో నివేదిక ప్రకటించెను. ఎంతసేపు జరిగినదో తెలిసిన 63 ఘటనలలో 44 ఐదు నిమిషములలోపలనే ముగిసెను. అందు 23 రెండు నిమిషములకు మించలేదు. పోలీసువారు వచ్చులోపల కీడు జరిగిపోవుచున్నదనుట నిజము. 2019 డిసెంబరు 29వ తేదిని టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్‌లో దేవాలయారాధన జరుగుచుండగా నొకడు ఇద్దఱిని చంపినప్పుడు, సంఘపు కావలిదళములోని సభ్యుడొకడు ఆఱు సెకనులలో వానిని పడగొట్టెను. ఆ ఆఱు సెకనులు అఱువది యైనచో నేమగునో యూహింపవచ్చును. మా నియమమువలన ఒక్కొక్కప్పుడు నష్టము కలుగునని మే మొప్పుకొందుము. కాని ఆ నివేదికలోనే మఱియొక లెక్క కలదు. నూట అఱువది ఘటనలలో, పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులతో ముగించినవి 5 మాత్రమే. ఆ అయిదింటిలో నాలుగు కావలివారు చేసినవే. నిరాయుధులు పట్టి ఆపినవి 21. దగ్గఱనున్నవారు, చూచినవారు, వట్టిచేతులవారు, వీరే యెక్కువ ప్రాణములను కాపాడినట్లు తోచుచున్నది. ఒలేతే యువకుని దురదృష్టమును బట్టి నిరాయుధ సాహసమును వెఱ్ఱిగా నెంచువారు ఈ లెక్కను కూడ చూడవలయును.

మన దేశపు చట్టమేమి చెప్పుచున్నది? మెకాలే దొర చిత్తుప్రతినుండి పుట్టి 1860లో శాసనమైన శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1వ తేదినుండి భారతీయ న్యాయసంహిత అమలులోనున్నది. దాని 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును వివరించుచున్నవి. తన దేహమునేకాక పరుల దేహమును రక్షించుటకును ప్రతివానికి హక్కు కలదు. అవసరమునకు మించిన హాని చేయరాదు. అధికారుల సాయము పొందుటకు వ్యవధి యున్నచో నా హక్కు లేదు. అపాయభయము తీరగానే హక్కును తీరును. ఇది హక్కేగాని, అడ్డుపడకపోయిన సామాన్యుని శిక్షించు విధి కాదు.

మన విద్యార్థులలో పిస్తోలు పట్టువారెవ్వరును లేరు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే యెవరును తుపాకిని ఉంచుకొనరాదు. అందుచేత నీ చర్చ మనకు పట్టదనుకొందురేమో! మన యూళ్లలో నాయుధమనగా కఱ్ఱయు రాయియును. 2018 మే నెలలో బిడ్డలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి టెలిఫోను సందేశములద్వారా తెలుగునాట నంతట వ్యాపించెను. ఆ నెల 26వ తేది రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో జనసమూహమొకటి హిజ్రాలను చుట్టుముట్టి కొట్టగా వారిలో నొకరు మరణించిరి. కొట్టినవారిలో చాలమంది తాము హంతకులమని తలచియుండరు. పసివారిపై జరుగుచున్న దాడిని ఆపుచున్నామనియే తలచియుందురు. ఎత్తుకొనిపోవుటను కన్నులతో చూచినవా డొక్కడును లేడు. పోలీసువారిని పిలుచుటకు వ్యవధి లేదా? నగరము నడిబొడ్డు, ప్రతివాని చేతిలోను టెలిఫోను. వదంతిని తెచ్చినదియు నా టెలిఫోనే.