అక్కడి అవ్వ, ఇక్కడి అమ్మ



మా వైరాలో రిజర్వాయరు కట్టకు దిగువన మా సంఘపు విధవరాలొకామె ఉంటున్నది. భర్త పోయాక మిరప తోటలకు కూలికి వెళ్ళి, ఒక్కగానొక్క కూతురిని నర్సింగు చదివించింది. ఆ అమ్మాయి 2023 జూన్‌లో జపాను వెళ్ళింది. ముసలివాళ్ళను చూసుకొనే ఒక ఆశ్రమంలో ఉద్యోగం. వెళ్ళేముందు ఆదివారం ఆరాధనలో ఆమెను ముందుకు పిలిచి, చేతులుంచి ప్రార్థించాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మన పిల్ల విమానం ఎక్కుతున్నదంటే మనకూ గొప్పే కదా!

ఏడాదిన్నర గడిచాక, ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయినా ఆ తల్లి వెనుక వరుసలోనే కూర్చుని ఉంది. దగ్గరకు వెళితే ఫోను నా చేతిలో పెట్టి, కూతురు పంపిన ఫోటో చూపించింది. తెల్లటి జుట్టున్న జపాను ముసలమ్మకు మన అమ్మాయి చెంచాతో ఏదో తినిపిస్తున్నది. ఇద్దరూ నవ్వుతున్నారు.

"చూడండి అయ్యగారూ, ఆ అవ్వకు ఎంత బాగా తినిపిస్తుందో నా బిడ్డ. నాకు జొరమొస్తే గంజి కాచేటోళ్ళు లేరు" అన్నది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఊరకనే అన్నది. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ అమ్మాయితో తరువాత చాలాసార్లు మాట్లాడాను. మన ప్రాంతం నుండి నర్సింగు చదివిన పిల్లలు ఇప్పుడు ఈ దారి అడుగుతున్నారు గనుక అక్కడి బ్రతుకు ఎలా ఉంటుందో కొంత చెబుతాను.

జపానులో నూటికి ఇరవై తొమ్మిది మంది దాకా 65 ఏళ్ళు దాటినవారే. వారిని చూసుకొనే చేతులు చాలక ఆ దేశం 2008లో ఇండోనేషియా నుండి, ఆ మరుసటి ఏడు ఫిలిప్పీన్స్ నుండి మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. 2019లో నైపుణ్యం గల పనివారి కోసం కొత్త వీసా తెచ్చింది. దాని విషయమై 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాను వెళ్ళే నర్సులకు భాష నేర్పించి పంపే కార్యక్రమాలు నడిపింది. ఈ వీసా మీద ఉండగలిగేది సాధారణంగా మొత్తం 5 సంవత్సరాలు. కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీలులేదు.

పని సులువైనది కాదు. ముసలివారిని మంచం మీద నుండి చక్రాల కుర్చీలోకి మార్చాలి. వేడినీళ్ళ తొట్టిలో స్నానం చేయించాలి. నీళ్ళ వేడి ముందు తన చేతితో చూసుకోవాలి. మింగలేనివారికి కూరలు సన్నగా తరిగి, తాగే నీళ్ళు కూడా చిక్కగా చేసి ఇవ్వాలి. ఎవరు ఎంత తిన్నారో, ఎన్నిసార్లు లేచారో ప్రతిదీ జపాను భాషలో రాసి పెట్టాలి. "నోటితో మాట్లాడటం వచ్చింది గాని, ఆ బొమ్మల్లాంటి అక్షరాలు రాయడం ఇప్పటికీ కష్టమే అయ్యగారూ" అన్నది. రాత్రి డ్యూటీలు ఉంటాయి. ఆదివారం సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికినా ఆమె ఉన్న ఊరికి దగ్గరి ప్రార్థనా మందిరం రైలులో గంట ప్రయాణం. ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒకరు.

పని ముగిశాక బ్రతుకు వేరే పాఠం. చెత్తను కాలేది, కాలనిది, సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్ అని విడదీసి, దేని రోజున దాన్నే బయట పెట్టాలి. మొదటి నెలలో తప్పు రోజున పెట్టిన సంచి ఎర్ర చీటీ అంటించుకుని అక్కడే మిగిలిపోయిందట. పొరుగింటి పెద్దాయన వచ్చి, ఒక్క మాట కోపంగా అనకుండా, కాగితం మీద బొమ్మలు గీసి వివరించాడట. రైలులో ఫోను మాట్లాడకూడదు. ఇల్లు మారితే 14 రోజులలో ఆ ఊరి కార్యాలయంలో చెప్పాలి. నివాస కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి. భూకంపం వచ్చేముందు ఫోను ఒక్కసారిగా అరుస్తుంది. మొదటిసారి ఆ అరుపుకు ఈ పిల్ల మంచం కిందికి దూరి ఏడ్చింది. ఇప్పుడు ముందు ముసలివాళ్ళ గదుల వైపు పరుగెత్తుతుంది.

జీతం జపానువారికి ఇచ్చే దానికి తక్కువ కాకూడదని నిబంధన ఉంది. కాని చేతికి వచ్చేది వేరు. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను కోతలు పోతాయి. రెండో ఏడు జూన్ నుండి స్థానిక పన్ను కూడా మొదలవుతుంది. అది తెలియక మొదటి ఏడాది లెక్కతోనే అప్పు తీర్చుకుందామనుకున్న మన అమ్మాయి ఇబ్బంది పడింది. అప్పు ఎందుకంటారా? వెళ్ళేముందు ఒక మధ్యవర్తికి లక్షన్నర ఇచ్చారు. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మించి తీసుకోరాదన్న సంగతి అప్పటికి ఆ తల్లికీ తెలియదు, ప్రార్థించి పంపిన నాకూ తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2025 జనవరిలో ఆ తల్లి నీళ్ళ గాబు దగ్గర కాలు జారి పడింది. కుడి చేతి మణికట్టు వాచింది. ఎవరికీ చెప్పలేదు. రాత్రి వీడియోలో కూతురు పలకరిస్తే చేతిని కొంగు కింద దాచుకుని మాట్లాడింది. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ పన్నెండున్నర. అలసిపోయి ఉన్న బిడ్డను కంగారు పెట్టడమెందుకని ఆమె ఆలోచన. నాలుగో రోజు ఆ అమ్మాయే కనిపెట్టింది. "అమ్మా, నువ్వు ఎడమ చేత్తో ఫోను పట్టుకుంటున్నావేం? కుడి చెయ్యి చూపించు" అన్నది. ముసలివాళ్ళు నొప్పిని ఎలా దాచుకుంటారో రోజూ చూస్తున్న పిల్ల కదా!

వెంటనే నాకు ఫోను చేసింది. "అయ్యగారూ, నేను మానేసి వచ్చేస్తాను. ఇక్కడ అందరి తల్లులకూ చేస్తున్నాను, మా అమ్మకు కట్టు కట్టే దిక్కు లేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఎందుకంటే, ఆమె ఇంటికీ మా మందిరానికీ మధ్య రెండు వీధులే దూరం. నాలుగు రోజులుగా ఆమె విరిగిన చేతితో వంట చేసుకున్నది. పంపేటప్పుడు కూతురి తల మీద చేతులుంచాను గాని, వెనక మిగిలిపోయే తల్లి వైపు చూడలేదు. చప్పట్లు కొట్టినవారిలో ఒక్కరమూ చూడలేదు.

ఆ సాయంత్రమే నా భార్య, మరో సహోదరి కలిసి ఆమెను ఖమ్మం తీసుకువెళ్ళి కట్టు వేయించారు. అమ్మాయి ఉద్యోగం మానలేదు. తల్లే వద్దన్నది. అప్పు ఇంకా సగముంది. అయితే అక్కడి చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేసినవారికి ఏటా 10 రోజుల జీతంతో కూడిన సెలవు మొదలవుతుంది. స్వదేశం వెళ్ళి రావడానికి సెలవు ఇమ్మని ఈ వీసా నిబంధనల్లోనే ఉందట. ఆ ఫిబ్రవరిలో పన్నెండు రోజులు వచ్చి వెళ్ళింది. ఉన్నన్ని రోజులూ తల్లికి జపాను పద్ధతిలో తానే స్నానం చేయించింది. "ముందు అడిగి గాని నీళ్ళు పొయ్యదమ్మా, నేనేదో మహారాణినైనట్టు" అని తల్లి అందరికీ చెప్పుకుంది.

జపానులో 40 ఏళ్ళు నిండిన ప్రతివారూ ముసలితనపు సేవ కోసం బీమా సొమ్ము కడతారు. 2000 ఏప్రిల్ నుండి ఉన్న ఏర్పాటు అది. అవసరమైనప్పుడు సాధారణంగా ఖర్చులో పదో వంతు పెట్టుకుంటే చాలు. మనకు అటువంటి ఏర్పాటు లేదు. మనకు పిల్లలే బీమా. ఆ పిల్లలనే మనం విమానం ఎక్కిస్తున్నాము. ఆ అమ్మాయి మూడేళ్ళ అనుభవంతో, నిర్ణీత శిక్షణతో అక్కడి జాతీయ పరీక్ష నెగ్గితే ఎక్కువకాలం ఉండే వీసా వస్తుంది. పెళ్ళయితే భర్తను, పిల్లలను తీసుకువెళ్ళవచ్చు. తల్లిని తీసుకువెళ్ళే వీలు మాత్రం అందులో లేదు. రాస్తావా, తిరిగి వస్తావా అని నేను అడగలేదు. అది తల్లీకూతుళ్ళు తేల్చుకోవలసిన మాట.

పిల్లలను పంపే కుటుంబాలకు నేను చెప్పేది ఇంతే. పంపేముందు ఏజెంటు కాగితాలు చదువు వచ్చినవారికి చూపించండి. జీతం కాదు, కోతలు పోగా చేతికి వచ్చేదెంతో అడగండి. తిరిగి వచ్చేవారు కట్టిన పింఛనులో కొంత వెనక్కి తీసుకోవచ్చు, దేశం విడిచిన 2 సంవత్సరాలలోపు దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో మిగిలే పెద్దవారికి జబ్బు చేస్తే మొదట ఎవరు రావాలో, పేరు పెట్టి ముందే నిర్ణయించుకోండి. దూరాన ఉన్న బిడ్డకు నొప్పి దాచకండి. దాచిన నొప్పి వారిని ఇంకా ఎక్కువ బాధపెడుతుంది.

సంఘాలకు మరొక మాట. మన ప్రభువు సిలువ మీద అంత బాధలోనూ తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించిన సంగతి మనమందరం మంచి శుక్రవారం నాడు వింటాము. ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. మా సంఘంలో ఇప్పుడు విదేశాల్లో బిడ్డలున్న పెద్దల పేర్లు ఒక పుస్తకంలో రాసుకున్నాము. స్త్రీల కూడికవారు రోజుకొకరు చొప్పున వెళ్ళి తలుపు తడుతున్నారు. బుధవారం నా వంతు.

మొన్న బుధవారం వెళ్ళేసరికి ఆ తల్లి ఫోనులో కూతురితో మాట్లాడుతున్నది. నన్ను చూసి కూర్చోమని సైగ చేసి, ఫోనులో, "ఆ అవ్వ అన్నం తిన్నదా ఇయ్యాల?" అని అడుగుతున్నది.