గాజు మీద పొర ఎవరి కోసం?

ఆఫీసుల్లో గాజు తలుపులకూ, గాజు గోడలకూ అంటించే పొర గురించి ఒక హక్కుల పత్రికలో రాయటమేమిటని కొందరికి అనిపించవచ్చు. జీతాల్లో తేడాలు, ప్రసూతి సెలవులు, లైంగిక వేధింపులు, ఇన్ని సమస్యలుండగా గాజు మీది పువ్వులూ గీతలూ మనకెందుకు? నిజమే. కానీ పనిచేసే చోట ఎవరు ఎవరికి కనిపించాలి, ఎవరు ఎవరిని చూడాలి అన్నది ఎప్పుడూ అధికారం ఉన్నవాళ్లే నిర్ణయిస్తూ వచ్చారు. ఇవాళ ఆ నిర్ణయం ఇంటీరియర్ డెకరేటరు ఇచ్చే కొటేషన్‌లో ఒక లైనుగా, మనల్ని అడక్కుండా జరిగిపోతోంది.

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి వైపు లేచిన ఆఫీసు భవనాలు చాలావరకు బయటా గాజే, లోపలా గాజే. ఇటుక గోడలూ, చెక్క పార్టిషన్లూ పోయి గాజు అడ్డుగోడలు వచ్చాయి. గాజు అంటే దాపరికం లేకపోవటమని, పెద్దా చిన్నా తేడా లేదని యాజమాన్యాలు చెప్పుకున్నాయి. ఆ గాజు మీదికి వచ్చిందే ఈ ఫ్రాస్టెడ్ ఫిల్మ్. పలచటి ప్లాస్టిక్ పొర. గాజు మీద సబ్బు నీళ్లు చల్లి, పొర పరిచి, రబ్బరు పలకతో నీళ్లు బయటికి తోసేస్తే అతుక్కుంటుంది. పాలరంగులో, గీతలతో, ఆకులూ పూలతో, కంపెనీ గుర్తుతో, ఎలా కావాలంటే అలా దొరుకుతుంది. గోడలాగా శాశ్వతం కాదు, వద్దనుకుంటే ఒలిచెయ్యవచ్చు. అంటే మరుగు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు నిర్ణయిస్తూనే ఉన్నారన్నమాట.

స్త్రీల పని పరిస్థితుల మీద పరిశోధన కోసం నేను తిరిగిన ఆఫీసుల్లో ఈ పొర అంతస్తును బట్టి పరుచుకుని ఉండటం చూశాను. పై అధికారి క్యాబిన్‌కు నేల నుంచి కప్పు దాకా పాలరంగు. మేనేజర్లకు నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా ఒక పట్టీ. హాల్లో కూర్చునే ఆడపిల్లలకు ఏమీ లేదు. ఆ గాజునంతా పొద్దున్నే తుడిచే హౌస్‌కీపింగ్ స్త్రీలు యూనిఫాం మార్చుకునేది మెట్ల కింద సామాన్ల గదిలో. ఎవరి జీతం ఎక్కువో వారికి మరుగు ఎక్కువ. బెంథామ్ 1791లో ప్రచురించిన 'పనాప్టికాన్' జైలు నమూనాలో కాపలావాడు ఖైదీలకు కనిపించడు, ఖైదీలందరూ కాపలావాడికి కనిపిస్తారు. నిఘా ఉందో లేదో తెలియనప్పుడు మనిషి తన మీద తానే నిఘా పెట్టుకుంటాడని ఫూకో 1975లో దీన్ని విశ్లేషించాడు. స్త్రీలకు ఈ పాఠం కొత్తది కాదు. పైట సర్దుకోవటం, కాళ్లు దగ్గరగా పెట్టుకోవటం మనకు చిన్నప్పటి నుంచీ నేర్పిందే. ఆఫీసు బల్లకు ముందువైపు కొట్టే చెక్కను ఫర్నిచర్ వ్యాపారంలో 'మోడెస్టీ ప్యానెల్' అంటారు. చూసేవాడి చూపును వదిలేసి, కూర్చున్నామె కాళ్లకు అడ్డు కట్టి, దానికి అణకువ అని పేరు పెట్టారు.

అద్దంలా మెరిసే ఫిల్మ్ సంగతి ఇంకా విచిత్రం. అది వెలుతురు ఎటు ఎక్కువుంటే అటువైపు అద్దమవుతుంది. పగలు బయట వెలుతురెక్కువ కాబట్టి బయటివాళ్లకు లోపలేముందో తెలియదు, లోపలివాళ్లకు బయట కనిపిస్తుంది. చీకటి పడి లోపల లైట్లు వేస్తే అంతా తిరగబడుతుంది. నైట్ షిఫ్టులో కూర్చున్న ఆడపిల్లకు గాజులో తన ముఖమే కనిపిస్తుంది. కింద పార్కింగులో నిలబడ్డ వాళ్లందరికీ ఆమె కనిపిస్తుంది. అలాంటి ఫిల్మ్ వేయించి మరుగు కల్పించామనుకునే యాజమాన్యం, ఆ మరుగు సాయంత్రం దాకానే ఉంటుందని రాత్రి పనిచేసేవాళ్లకు చెప్పదు.

2013 చట్టం వచ్చాక కొన్నిచోట్ల క్యాబిన్ల మీది ఫిల్ములు ఒలిచేశారు. స్త్రీల భద్రత కోసమే అన్నారు. ఇందులో న్యాయం లేకపోలేదు. మూసిన గదిలో, ఉద్యోగం అతని చేతిలో ఉన్నప్పుడు, ఏం జరుగుతుందో మనకు తెలుసు. 2012 ఏప్రిల్‌లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించటాన్ని నిషేధించింది కూడా వాటి చాటున నేరాలు జరుగుతున్నాయనే. కానీ గాజు చూపును పోనిస్తుంది, మాటను పోనివ్వదు. ప్రమోషన్ ఎర చూపటం, బెదిరించటం, అర్ధరాత్రి ఫోనుకు మెసేజీ పంపటం ఏ గాజులోంచీ కనిపించవు. బయటివాళ్లకు కనిపించేది ఆమె లోపల ఎంతసేపు ఉందన్న లెక్క ఒక్కటే. భద్రత కోసం తీసిన పొర ఆమె నడవడిక మీద కాపలాగా మారటానికి ఎంతో సేపు పట్టదు.

దీని తీవ్రత ఫిర్యాదు విచారణలో తెలుస్తుంది. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం అంటుంది. ఫిర్యాదు చేసిన స్త్రీ ఎవరో, సాక్షులెవరో, విచారణలో ఏం జరిగిందో బయటపెట్టకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. అయితే విచారణ జరిగేదెక్కడ? హాలు మధ్యలో నాలుగు వైపులా గాజు ఉన్న కాన్ఫరెన్స్ రూములో. ఆమె లోపలికి వెళ్లటం, కళ్లు తుడుచుకోవటం, తర్వాత అతను వెళ్లటం అందరూ చూస్తారు. కాగితాల మీద గోప్యత భద్రంగా ఉంటుంది, సాయంత్రానికి ఆఫీసంతటికీ ఆమె ఎవరో తెలుస్తుంది. రెండో స్త్రీ ఫిర్యాదు చెయ్యటానికి ముందుకు రాకపోతే ఆశ్చర్యమేముంది?

చూపుకు అడ్డు కట్టటం కూడా న్యాయంలో భాగమేనని మన కోర్టులకు తెలుసు. 2004లో సాక్షి సంస్థ వేసిన కేసులో, అత్యాచారాల విచారణల్లో బాధితులకు నిందితుడి ముఖం కనిపించకుండా తెర లాంటి ఏర్పాటు చెయ్యవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2012 నాటి పోక్సో చట్టం 36వ సెక్షన్ పిల్లల వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఒకవైపు నుంచే కనిపించే అద్దాన్నీ, తెరనూ పేరు పెట్టి ప్రస్తావించింది. కారుకు వద్దన్న పొర సాక్షికి అవసరమైంది. కాబట్టి పొర మంచిదా చెడ్డదా అని వాదించుకుని ప్రయోజనం లేదు. అది ఎవరిని కాపాడుతోంది, ఎవరిని దాస్తోంది అన్నదే అడగాలి.

ఆ లెక్కన మనం అడగవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. అధికారుల క్యాబిన్లకు పొర నిలువునా వద్దు. లోపల మనుషులున్నారని తెలిసేటట్లు కిందా పైనా గాజు వదిలి, మధ్యలో పట్టీ చాలు. విచారణ గదికి, కౌన్సెలింగ్ గదికి, బాలింత పాలు పట్టే, పాలు తీసుకునే గదికి పూర్తి మరుగు, లోపల గడియ ఉండాలి. 50 మంది ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలని 2017 సవరణ చెప్పింది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. ఆ గదిని రిసెప్షన్ పక్కన ప్రదర్శనశాలగా పెట్టకూడదు. కాంట్రాక్టు మీద వచ్చే పారిశుధ్య కార్మికురాలు కూడా 2013 చట్టం ప్రకారం ఉద్యోగే. బట్టలు మార్చుకోవటానికి ఆమెకొక తలుపున్న గది కావాలి.

మనలో చాలామంది స్వచ్ఛంద సంస్థల తరఫున అంతర్గత కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చుంటున్నాం. యాజమాన్యం జీతం తీసుకోని మనిషి ఆ బల్ల దగ్గర మనమొక్కరమే. ఫైలు తెరవటానికి ముందు ఆ గది చూడండి. బయటి హాల్లో నిలబడి, లోపల కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే ఆ గదిలో విచారణకు కూర్చోబోమని, కారణంతో సహా మినిట్స్‌లో రాయించండి. ఆ తర్వాత మీ సంస్థ ఆఫీసుకు వెళ్లి, గృహహింస గురించి చెప్పుకోవటానికి వచ్చిన స్త్రీని ఏ గదిలో కూర్చోబెడుతున్నారో అది కూడా అలాగే చూడండి.