తలంటుకోవడానికి ఎక్కడ కూర్చుంటారు?

స్నానాలగది మీద సంపాదకీయమేమిటి, రాయడానికి ఇంకేం దొరకలేదా అని మీలో కొందరైనా అనుకుంటారు. మావారైతే పైకే అనేశారు. కానీ ఈమధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా ముందు పూజగది, తర్వాత వంటిల్లు, ఆ వెంటనే బాత్‌రూం చూపిస్తున్నారు. "అంతా పాతకాలం పద్ధతిలో చేయించాం వదినా" అంటూ మురిసిపోతూ తలుపు తీస్తారు. రాగిరంగు కుళాయిలు, ఇత్తడి బేసిను, మూలన తళతళలాడే గంగాళం, కింద అద్దంలాంటి గ్రానైటు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. నేను మాత్రం ఒక్క ప్రశ్నే అడుగుతాను. "తలంటుకోవడానికి ఎక్కడ కూర్చుంటారు?" అని. ఇంతవరకూ ఒక్కరూ జవాబు చెప్పలేదు. నవ్వి ఊరుకున్నారు.

వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు లెండి. 2011లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ అంతే. పుస్తకాల్లో బొమ్మలు చూసి, ఖరీదైన నున్నటి టైల్సు ఏరికోరి వేయించాను. అబ్బాయి షవరు కావాలన్నాడు, మావారు పెద్ద అద్దం కావాలన్నారు. అత్తయ్యని మాత్రం ఎవరం అడగలేదు. ఆవిడా నాకిది కావాలని నోరు తెరిచి అనలేదు. ఆవిడ రోజూ పెరట్లోంచి తన చెక్కపీట తెచ్చుకుని, దానిమీద కూర్చుని స్నానం చేసి, మళ్ళీ పీట బయట పెట్టేవారు. గదికి ఆ పీట నప్పలేదని నేనే ఓ రోజు అటకెక్కించాను.

2019 భోగినాడు తెల్లవారుజామున నూనె రాసుకుని తలంటుకి వెళ్ళారు. కింద నూనె, కుంకుడు నురగ. కాలు జారింది. ఆసరాకి తువ్వాలు వేసుకునే కడ్డీ పట్టుకుంటే అదికాస్తా గోడలోంచి ఊడి చేతికొచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, నాలుగు నెలలకి కర్ర పట్టుకుని నడిచారు. గండం గడిచిందనుకున్నాం.

కానీ ఆవిడ తలంటు మానేశారు. తర్వాత స్నానం రోజు విడిచి రోజయింది. అడిగితే "జలుబు చేసిందమ్మా" అనేవారు. కొన్నాళ్ళకి గమనించాను, సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు కూడా ముట్టడంలేదు. రాత్రి లేవాల్సొస్తుందని భయం! పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచీ తెల్లారకముందే స్నానం చేసిన మనిషి. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. "ఆ గదిలో అడుగుపెడితే నూతిగట్టు మీద నిలబడ్డట్టుంటుందే అమ్మాయ్. నీకు చెబితే బాధపడతావని..."

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6 లక్షల 84 వేలమంది కిందపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళలో ఎక్కువమంది 60 దాటినవాళ్ళే. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అంటే ఆ నున్నటి గచ్చు ముందు ప్రమాదం తెచ్చిపెట్టేది మనకే.

మర్నాడు అత్తయ్య పక్కన కూర్చుని, "మీ పుట్టింట్లో స్నానాలగది ఎలా ఉండేది?" అని అడిగాను. చెబుతుంటే ఆవిడ ముఖం వికసించింది. పెరట్లో తాటాకు తడికల చాటు. కూర్చోడానికి గరుకురాతి బండ. బయట పొయ్యిమీద రాగికాగు. చెయ్యిచాస్తే అందేంత ఎత్తులో నీళ్ళ గాబు, వేణ్ణీళ్ళలో కలుపుకోవడానికి. గోడలో చిన్నగూడు, అందులో సున్నిపిండి, కుంకుడుకాయలు. స్నానం నీళ్ళు తూములోంచి అరటిచెట్ల మొదళ్ళకి పోయేవిట. వెంటనే ఆవిడే అన్నారు, "అయితే అదేం స్వర్గం కాదులే. పొగకి కళ్ళు మండేవి. ఇరవై బిందెలు తోడితేగాని ఇంటిల్లిపాదికీ స్నానాలయ్యేవి కావు. వానొస్తే తడిసేవాళ్ళం. మగవాళ్ళు లేవకముందే చీకట్లో ముగించుకోవాలి."

అప్పుడు నాకు తట్టింది. పాత పద్ధతి అంటే మనం గంగాళాన్నీ ఇత్తడి చెంబునీ పట్టుకొచ్చాం గానీ, అసలు సుఖాన్ని అక్కడే వదిలేశాం. కూర్చునే బండ, పట్టునిచ్చే నేల, చేతికందే నీళ్ళు. ఆ గది స్నానం చేసే మనిషి ఒంటికి తగ్గట్టు ఉండేది. తిరిగి తెచ్చుకోవాల్సింది అది. పొగ, చీకటి, బిందెల మోత మనకొద్దు.

టైల్సు తీయించేశాను. నేలకి తాండూరు బండలు, పాలిష్ పెట్టనివి, అడుగు చదరం ముక్కలు వేయమన్నాను. ముక్క చిన్నదయితే అతుకులెక్కువ, పాదానికి పట్టు ఎక్కువ. మేస్త్రి మొహం చిట్లించాడు. "ఇంత గరుకేంటి అమ్మగారూ, గొడ్లసావిట్లో పరిచినట్టుంటుంది" అన్నాడు. ఉంటే ఉండనీ, గొడ్డు కూడా జారకూడదనేగా అలా పరిచేది అన్నాను. నేల వాటం మూలనున్న తూముకి. ఇదేమీ కొత్త విద్య కాదు. నాలుగువేల ఏళ్ళకి పూర్వమే మొహెంజొదారో ఇళ్ళల్లో ఇటుకలతో స్నానపు గచ్చులు కట్టి, నీళ్ళు కాలవకి పోయేట్టు వాటం పెట్టుకున్నారు. బండలు పరిచేముందు రెండురోజులు నీళ్ళు నిలగట్టి కింద చెమ్మ వస్తుందేమో చూసుకున్నాం. అందరూ హడావుడిలో ఎగ్గొట్టే పని ఇదే. తర్వాత గోడలు ఉబ్బితే ఏడవాల్సింది మనమే.

గోడవారగా 17 అంగుళాల ఎత్తున రాతి అరుగు కట్టించాను. పెద్దవాళ్ళు కూర్చుని లేవడానికి పీటకంటే అదే సుఖం. దాని పక్కనే కూర్చున్నా అందేట్టు కుళాయి. పక్కన, ఎదురుగా స్టీలు పట్టుకడ్డీలు, నేలకి 34 అంగుళాల ఎత్తున. తువ్వాలు కడ్డీలా రెండు చిన్న మరలతో కాదు, మనిషి వేలాడినా ఊడనట్టు గోడలోకి దిగ్గొట్టించాం. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాను. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు ఆ మనిషికే అడ్డమవుతుంది. గడియ కూడా అవసరమైతే బయటినుంచి తీయగలిగేది. రాత్రంతా వెలిగే చిన్న దీపం. గోడలో రెండు గూళ్ళు, ఒకటి సున్నిపిండికి, ఒకటి ఆవిడ పసుపుకొమ్ముకి. తూముకి సన్నరంధ్రాల జాలీ, కుంకుడుతొక్కలు అడ్డుపడకుండా.

గంగాళం మానెయ్యలేదు. అటకమీంచి దింపి, చింతపండుతో తోమించి అరుగుపక్కన పెట్టాను. వేణ్ణీళ్ళు గీజరు నుంచి అందులోకే పడతాయి. ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు అని అందరికీ చెప్పాను. 60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద పడితే కొద్ది సెకన్లలోనే బొబ్బలెక్కుతుంది. అందుకే గీజరుని 50 దగ్గర ఆపాను.

అన్నట్టు, రాగి ఇత్తడి పాత్రలు పెట్టుకునే అక్కాచెల్లెళ్ళకి రెండు మాటలు. నీళ్ళు కాచుకునే కరెంటు రాడ్డుని ఆ పాత్రల్లో ఎప్పుడూ పెట్టకండి. కరెంటు లీకయితే పాత్రంతా పాకుతుంది. ముట్టుకున్నవాళ్ళ గతి చెప్పనక్కర్లేదు. బాత్‌రూం లైనుకి 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టించుకోండి, ఎర్తు సరిగా ఉందో లేదో చూపించుకోండి. రెండోది, తాండూరు బండలూ కడప బండలూ సున్నపురాయి జాతివి. బాత్‌రూం కడిగే యాసిడ్ పోస్తే బుసబుస పొంగి రాయి తినేస్తుంది. సబ్బునీళ్ళూ, కొబ్బరిపీచూ చాలు. తలంటు రోజు మాత్రం నూనెజిడ్డు పోయేదాకా వేణ్ణీళ్ళతో కడగాలి.

ఇదంతా విలాసమేనా అంటారేమో. నా మటుకు విలాసమే! స్నానపు టబ్బు నింపడానికి సుమారు 150 లీటర్ల నీళ్ళు కావాలి. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే మన ఊళ్ళల్లో దాన్ని విలాసమనాలో ఏమనాలో మీరే చెప్పండి. రెండు బకెట్ల నీళ్ళతో, స్థిమితంగా కూర్చుని, జారతానన్న భయం లేకుండా, తలుపు తట్టే "ఇంకా ఎంతసేపు?" లేకుండా ఓ అరగంట. చాలామంది ఆడవాళ్ళకి గడియ వేసుకోగలిగే గది ఇంట్లో అదొక్కటే. ఆ గదిని కడిగేదీ మనమే, పిల్లల్ని కాళ్ళమీద వేసుకుని స్నానం చేయించేదీ మనమే, ముసలితనంలో భయపడేదీ మనమే. మరి ప్లాను గీసేటప్పుడు మనల్ని ఎందుకు అడగరు? అడక్కపోతే మనమెందుకు చెప్పం?

అత్తయ్య మళ్ళీ తలంటుకున్నారు. మొదటిసారి నన్ను తలుపు దగ్గరే నిలబడమన్నారు. రెండోసారి "నువ్వెళ్ళి పని చూసుకోవే" అన్నారు. ఈ ఇంటికి నేను పెట్టిన ఖర్చులో అంత తృప్తినిచ్చింది మరొకటి లేదు. మొదట వేయించిన నున్నటి టైల్సుకీ, మెరిసే కుళాయిలకీ అయినదానికంటే ఇది తక్కువే అయింది కూడా.

ఇల్లు కడుతున్నవాళ్ళు, బాగుచేయించుకుంటున్నవాళ్ళు ప్లాను చేతికి రాకముందే ఇంట్లో పెద్దావిణ్ణి కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడగండి. ఎక్కడ కూర్చుంటావు, ఏది పట్టుకుంటావు, చెయ్యి ఎందాకా అందుతుంది, దేనికి భయపడుతున్నావు? జవాబులు కాగితంమీద రాసి మేస్త్రి చేతికివ్వండి. టైల్సు రంగు తర్వాత చూసుకోవచ్చు.