పసిబిడ్డ నెత్తుటి చుక్కకు పరీక్ష ఏదీ?

కోడిగుడ్డు తెల్లసొనను వేడిచేస్తే గడ్డకడుతుందే గాని ఆవిరై లేవదు. అందులోని ప్రోటీన్ల గుణం అది. అటువంటి జీవాణువులను చెడకుండా వాయువులోకి లేపి తూచడం శాస్త్రజ్ఞులకు చాలాకాలం కొరుకుడు పడలేదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఫెన్ పిచికారీ మార్గం పట్టారు. ప్రోటీన్ కలిపిన ద్రవాన్ని సన్నని సూదిగుండా పంపి, వేల వోల్టుల విద్యుత్తు ఇచ్చారు. తుంపరలు ఆరి ఆరి, చివరకు విద్యుదావేశంతో అణువు ఒక్కటే గాలిలో తేలింది. ఇక బరువు చూడడం యంత్రం పని. 70 ఏళ్లు నిండాయని 1987లో ఆయనను విరమింపజేశారు. పేరు తెచ్చిన ఫలితాలు ఆ మరుసటి ఏడే వెలువడడం విశేషం! 2002లో, 85 ఏళ్ల వయసులో, నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

పసిబిడ్డ మడమ నుంచి తీసి కాగితంపై ఆరబెట్టిన నాలుగు నెత్తుటి చుక్కల్లో పదుల కొద్దీ పుట్టు జబ్బులను నేడు ఈ విద్యతో పట్టవచ్చు. ఫినైల్‌కీటోన్యూరియా వంటిది తొలి రోజుల్లో తెలిస్తే, ఆహార నియమంతోనే బిడ్డ బుద్ధి మందగించకుండా కాపాడవచ్చు. ఆలస్యమైతే పోయినది తిరిగిరాదు. మేనరికాలు సాగే తెలుగు పల్లెల్లో ఇటువంటి జబ్బుల ముప్పు మరీ ఎక్కువ.

అయినా పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరగడం లేదు. ఊరూరా యంత్రం అక్కరలేదు. చుక్క తీయడానికి నర్సు, కాగితం పంపడానికి తపాలా చాలు. కాన్పులు జరిగే ప్రతి సర్కారు ఆసుపత్రిలోనూ వైద్యశాఖ ఈ ఏర్పాటు చేయాలి. ఫలితం రోజుల్లో ఇంటికి చేరాలి. నెలలు పడితే కాగితం పంపీ లాభం లేదు.