నైనితాల్ మంటకు నూరేళ్ల మూలాలు

2024 ఏప్రిల్ 26న కార్చిచ్చు ఉత్తరాఖండ్‌లోని నైనితాల్ పట్టణం అంచున ఉన్న హైకోర్టు కాలనీ దాకా వచ్చింది. మర్నాడు వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్‌తో భీమ్‌తాల్ సరస్సు నీళ్లు తోడి అడవిపై కుమ్మరించింది. నైనీ సరస్సులో పడవ షికార్లు ఆపేశారు. శీతాకాలంలో వానల్లేవని కొందరు, ఎవరో నిప్పు పెట్టారని కొందరు అన్నారు. రెండూ నిజం కావచ్చు. ఒక్క అగ్గిపుల్లకు కొండలకు కొండలే అంటుకునేలా ఆ అడవి ఎందుకు తయారైందన్నదే అసలు ప్రశ్న.

జవాబు చీర్ పైన్ చెట్ల కింద పరుచుకుని ఉంది. వేసవిలో రాలే వాటి సూదిలాంటి ఆకులను అక్కడివాళ్లు పిరూల్ అంటారు. పశువులు వాటిని ముట్టవు, అవి త్వరగా కుళ్లవు, నిప్పు తగిలితే గుప్పుమంటాయి. మండుతున్న పైన్ కాయలు వాలు వెంట దొర్లి, ఆర్పినచోటును దాటి కింద మళ్లీ రాజేస్తాయి. మందమైన బెరడుతో పెద్ద పైన్ బతికిపోతుంది. తేమను పట్టి ఉంచే బాంజ్ ఓక్ మొక్కలు మాడిపోతాయి. ఆ ఖాళీలోకీ పైనే వస్తుంది.

ఆ చెట్టుకు విలువ కట్టింది బ్రిటిష్ పాలన. కలప రైల్వే స్లీపర్లకు, జిగురు టర్పెంటైన్‌కు పనికొచ్చాయి. 1911-17 మధ్య నైనితాల్ ఉన్న కుమావూన్ ప్రాంతపు అడవులను రిజర్వు చేసి మేపుకు, కట్టెలకు, కొత్త గడ్డి కోసం నేలను కాల్చుకోవడానికి ఆంక్షలు పెట్టారు. 1921 వేసవిలో జనం తిరగబడి పైన్ అడవులను తగలబెట్టారు. బాంజ్ వంటి వెడల్పాకుల అడవుల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. ఆ కోపం గురి తప్పలేదన్నమాట. చివరికి 1931లో, ఊళ్లే అడవిని చూసుకునే వన పంచాయతీలకు నియమాలు వచ్చాయి. తర్వాతి సవరణలతో పెత్తనం మళ్లీ సర్కారీ శాఖల వైపే జరిగింది.

అడవిపై హక్కు తగ్గినకొద్దీ పిరూల్ ఊడ్చే బాధ్యతా ఊరిది కాకుండా పోయింది. 2024 మేలో ప్రభుత్వం పిరూల్ కొనుగోలు ధరను కిలోకు 3 రూపాయల నుంచి 50కి పెంచుతామంది. మంచిదే. అయితే జూన్ 13న అల్మోడా జిల్లా బిన్సర్‌లో మంటలార్పబోయిన నలుగురు అటవీ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అంటుకున్నాక చేసే పని ఎంత ఖరీదైనదో అది చెప్పింది. ఫిబ్రవరికల్లా వన పంచాయతీల చేతికి నిధులు, మంట పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్‌లైన్లు శుభ్రం చేయించే అధికారం అందాలి. కాపలా కాసిన ఊరికే అడవి రాబడిలో వాటా దక్కాలి. అది జరగనంతకాలం ప్రతి ఏప్రిల్‌లోనూ నైనితాల్ హెలికాప్టర్ కోసం ఎదురుచూడాల్సిందే.