ఆకలిని జంపు నలవాట్లు

తుమ్ము, దప్పి, నిద్ర మొదలగు వేగములను బలవంతముగ నాపరాదని చరకసంహిత చెప్పుచున్నది. అట్టి 13 వేగములలో నాకలియు నొకటి. అయినను మన యిండ్లలో నాకలి నోర్చుకొనుట స్త్రీకి సుగుణముగ నెంచబడుచున్నది. ఓర్పు వేఱు, మత్తుపదార్థముతో నాకలిని జంపుకొనుట వేఱు.

మా ఆదోని ప్రాంతపు ప్రత్తిచేలలోను, 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన యెమ్మిగనూరి మగ్గముల యిండ్లలోను, పని తెమలువఱకు జొన్నరొట్టె ముట్టక, వక్కాకుతో పొగాకును దవుడను బెట్టుకొని ప్రొద్దుపుచ్చువారు గలరు. పొగాకులోని నికోటిన్ ఆకలిని దీర్పదు, తెలియకుండ జేయునంతే. నోటి క్యాన్సరును దెచ్చును; గర్భిణి నమలిన, బిడ్డ తక్కువ బరువుతో బుట్టవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత గలదని తేలినది. అట్టి దేహమునకు పస్తును పొగాకును దోడైన నేమి మిగులును?

చదువుకొను కన్యలలో నిదే కీడు వేఱొక రూపమున గనబడును. లావగుదుమను భయముతో నన్నము మాని, కాఫీతో గడపుట, తిన్నది కక్కుట, విరేచనపు మాత్రలును సన్నబడు మాత్రలును మ్రింగుట. ఇది మొండితనము గాదు, వ్యాధి. 1873లోనే ఇంగ్లండున విలియం గల్, ఫ్రాన్సున లాసేగ్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. ఈ భయమును వర్తకులు సొమ్ము చేసికొనిరి: 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్లవారు మిఠాయికి బదులు సిగరెట్టు పట్టుమని స్త్రీలకు బోధించిరి. ఆహారవ్యాధి గలవారిలో సగముదాక మద్యమునకో మాదకద్రవ్యములకో లోబడుదురనియు, సామాన్యజనులలో నట్టివారు నూటికి 9 మందియే యనియు కొలంబియా విశ్వవిద్యాలయపు కేంద్రమొకటి 2003లో నంచనా వేసినది.

కావున నీ రెండు జబ్బులకును చికిత్స కలిపియే చేయింపవలెను. పొగాకు మాన్పించి యన్నపు భయమును విడిచినచో, మఱియొక యలవాటు దాని చోటున జేరును. పిల్ల భోజనమైన వెంటనే స్నానపుగదికి బోవుచున్నను, బహిష్టు నిలిచినను, జుట్టు రాలుచున్నను తిట్టక, చాటుగ మాటలాడి, వైద్యునికి జూపుడు. 14416 అను టెలిమానస్ నంబరునకు ఫోను చేసిన, రుసుము లేకుండ తెలుగులోనే సలహా లభించును.

ఇంటిలో జేయదగినది మఱియొకటి గలదు. మిగిలినది కోడలికి అను నాచారమును విడిచి, అందఱును గలిసి భుజింపుడు. ఎవరి విస్తరి ఖాళీగనున్నదో యప్పుడే కంటబడును.